మెయిన్ కట్టేసిన మధ్యాహ్నం

ఇప్పుడు ఉరిమితే మా ఇంట్లో మెయిన్ స్విచ్ దగ్గరికి ఎవరూ పరిగెత్తరు. మా అమ్మ ముందు కంప్యూటర్ గది గుమ్మం దగ్గర నిలబడి, “అమ్మాయ్, ఏవన్నా నడుస్తోందా? కట్టెయ్యొచ్చా?” అని కోడల్ని అడుగుతుంది. కోడలు తల ఊపాకే కదులుతుంది. ఉరుము వినబడగానే మెయిన్ కట్టేయడం మా అమ్మకు పుట్టుకతో వచ్చిన అలవాటు. టీవీలో ప్రధానమంత్రి మాట్లాడుతున్నా సరే, కట్టేయాల్సిందే. అలాంటి మనిషి ఇవాళ ఆగి అడుగుతోందంటే దాని వెనక ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంది.

మాది పటమట. నాకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. మా ఆవిడ ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆవిడ గొంతు గురించి ముందు చెప్పాలి. వెనక బెంచీ వాడు కునుకు తీయడానికి వీల్లేని గొంతు అది. వీధి చివర కూరల బండిని వంటింట్లోంచే ఆపేసేది. నేను షాపు నుంచి ఫోన్ చేసి, ఆవిడ ఎత్తగానే చెవికి కాస్త దూరం పట్టుకునేవాణ్ణి. ఆ గొంతులో ఏదో పెరిగిందనీ, స్వరపేటిక తీసేయక తప్పదనీ డాక్టర్లు చెప్పిన రోజు నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆవిడ మాత్రం ఆపరేషన్ ఎప్పుడో కనుక్కుంది. ఆలోగా చేయాల్సిన పని ఒకటుందని ఇంటికి వచ్చింది.

ఆ పని ఏమిటంటే, తన గొంతు దాచుకోవడం. సామాన్ల గది ఖాళీ చేయించి కంప్యూటర్ అక్కడికి మార్చింది. బయటి చప్పుడు రాకుండా కిటికీలకూ తలుపుకూ మా అమ్మ కుట్టిన బొంతలు వేలాడదీసింది. పాత చీరలు కత్తిరించి, ముక్క పక్కన ముక్క అతికి బొంతలు కుట్టడం మా అమ్మకు ఇష్టమైన పని. ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఆవిడకే తెలియదు. అవన్నీ ఒక్కసారిగా గోడలెక్కాయి. ఆ గదిలో మైకు పెట్టుకుని మా ఆవిడ తనకు ముందుముందు అవసరమయ్యే మాటలన్నీ రికార్డు చేసింది. పాఠాలు, పలకరింపులు, బంధువులకు చెప్పే అబద్ధాలు, అన్నీ. ఆ ఉక్కలో చెమటలు కక్కుతూ కూర్చుంది. మా అమ్మ గేటు దగ్గర కాపలా కాసింది. ఉల్లిపాయల ఆటో మైకు మోగించుకుంటూ వస్తే ఎదురెళ్ళి, “కాసేపు ఆగవయ్యా, మా కోడలు గొంతు దాచుకుంటోంది” అని ఆపింది. ఆ ఆటో అతనికి ఏమర్థమైందో గానీ మైకు కట్టేసి వెళ్ళిపోయాడు.

అన్నిటికంటే ముందు రికార్డు చేసిన వాక్యం ఏదని అడిగాను. “ఆ తడి తువ్వాలు మంచం మీద వెయ్యకండి!” అట. ఆపరేషన్ ముందు కూడా ఆవిడకు నా మీదున్న అభిప్రాయం అది.

ఆపరేషన్ అయ్యాక మెడకు ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. అందులోంచి వచ్చే గొంతు తనది కాదని దాన్ని బీరువాలో పెట్టేసింది. తనే ఒక ప్రోగ్రాం రాసుకుంది. కీబోర్డు మీద రెండు మూడు అక్షరాలు కొడితే కావలసిన వాక్యం ఆవిడ పాత గొంతుతో పలుకుతుంది. రోజూ పనికొచ్చే కాసిని మాటలు ఫోన్లోకి ఎక్కించుకుంది. మిగతాదంతా ఆ కంప్యూటర్లోనే. దానికొక కాపీ తీయాలని అనుకుంటూనే ఉంది. పిల్లలందరికీ కాపీ తీసుకోమని చెప్పే టీచరమ్మకు తన కాపీ తీసుకోవడానికి తీరిక దొరకలేదు.

ఆ కంప్యూటర్లో విండోస్ ఉండదు, లినక్స్ ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఆ పేరు విని దగ్గు మందనుకున్నాను. దానికీ అప్పుడప్పుడూ అప్‌డేట్ అని ఒకటి వస్తుంది. పాత సామాను తీసి కొత్తది బిగించుకోవడమన్నమాట. ఆ ఆదివారం భోజనాలయ్యాక ఆవిడ అది మొదలుపెట్టింది. అయ్యాక కాపీ తీసి పెడతానని తన పలక మీద రాసి నాకు చూపించింది కూడా. పలకంటే పిల్లలు గీసుకునే ఎలక్ట్రానిక్ పలక, మీట నొక్కితే రాసింది చెరిగిపోతుంది. ఆవిడకు అది చంకలోనే ఉంటుంది.

అంతలో మబ్బు పట్టింది. మేడ మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. మా ఆవిడ పైకి పరిగెత్తింది. నేను నిద్రపోతున్నాను.

పెళపెళమని ఉరిమింది. మా అమ్మ “అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ” అనుకుంటూ వెళ్ళి మెయిన్ దించేసింది. దించి ఊరుకునే మనిషి కాదు. ఇన్వర్టర్‌లోనూ పిడుగు దూరుతుందని దాన్నీ కట్టేసింది. కంప్యూటర్ కింద ఉండే బ్యాటరీ డబ్బా ముసలిదైపోయి రెండు కూతలు కూసి ఊరుకుంది. మేడ మీద మా ఆవిడకు ఉరుము వినబడగానే కింద జరగబోయేది అర్థమైంది. వద్దని అరవడానికి గొంతు లేదు. మాకు మేం పెట్టుకున్న గుర్తు చప్పట్లు. వడియాల చాప వదిలేసి గట్టిగా చప్పట్లు కొట్టిందట. ఆ ఉరుముల్లో, వానలో ఎవరికి వినబడతాయి? మెట్లన్నీ దిగి వచ్చేసరికి ఇల్లంతా చీకటి. ఫ్యాను ఆగి చెమట పట్టి లేచిన నేను, తడిసిన బట్టలతో గుమ్మంలో నిలబడిపోయిన మా ఆవిణ్ణి చూశాను. ఎందుకలా నిలబడిందో నాకు తెలియలేదు.

వాన వెలిసి మెయిన్ ఎత్తాక కంప్యూటర్ పెడితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వరసగా దిగి ఆగిపోయాయి. చివరి వరసలో కెర్నల్ పానిక్ అని ఉంది. యంత్రాలు కూడా కంగారుపడతాయని నాకు ఆ రోజే తెలిసింది. మా ఆవిడ పలక మీద రాసింది. “అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది.”

నాకు ముక్కు మీద కోపం. “అమ్మా! ఎన్నిసార్లు చెప్పాను నీకు మెయిన్ జోలికి పోవద్దని! దాని గొంతంతా అందులోనే ఉంది!” అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. అమ్మ ముఖం పాలిపోయింది. “గొంతా? గొంతు పోయిందా ఒరే?” అంది. ఇంకా ఏదో అనబోయాను. మా ఆవిడ బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసింది. అది ఏ రికార్డింగూ అక్కర్లేని మాట. నోరు మూసుకున్నాను.

అమ్మ మాత్రం అప్పటికే దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. కొండ మీద దుర్గమ్మకు చీర పెడతానని మొక్కింది. ఆ వెంటనే గుణదల మేరీమాతకు కొవ్వొత్తులు మొక్కింది. ఇద్దరికీ ఎందుకంటే, “ఎవరికి ముందు వినబడితే వాళ్ళే చేస్తార్రా” అంది. సాయంత్రం కాఫీ ఇస్తే గ్లాసు పక్కకు జరిపేసింది.

నేను ఊరుకోలేక తెలిసిన రిపేరు షాపతనికి ఫోన్ చేశాను. అతను పాపం మంచివాడే. “తీసుకొచ్చెయ్యండి సార్. ఫార్మాట్ కొట్టేసి, శుభ్రంగా విండోస్ వేసిచ్చేస్తా. గంటలో అయిపోద్దండి” అన్నాడు. స్పీకర్‌లో అదంతా విన్న మా ఆవిడ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని కట్టేసింది. పలక మీద రాసింది. “ఫార్మాట్ అంటే ఉన్నదంతా ఊడ్చేయడం. నా మాటలు కూడా.” తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ సాయంత్రం నేను చూసినంత నిదానం జన్మలో ఎక్కడా చూడలేదు. నేను బతికేది మెకానిక్కుల మధ్య. లారీ స్టార్ట్ కాకపోతే చేతికందిందల్లా విప్పి నేల మీద పరచడం, తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో వెతుక్కోవడం మాకు మామూలు. పోయింది తన గొంతు అయినప్పుడు మనిషి ఇంకెంత తొందరపడాలి! ఆవిడ ముందు ఏ మీటా నొక్కలేదు. తెర మీదున్న వరసలన్నీ పైనుంచి కిందిదాకా చదివింది. ఫోన్‌తో ఫోటో తీసుకుంది. అప్పుడు నా వైపు తిరిగి, చంటిపిల్లాడికి చెప్పినట్టు రాసి చూపించింది.

కెర్నల్ అంటే లోపల కూర్చుని అందరి చేతా పని చేయించే ఇంటి పెద్ద లాంటిదట. అప్‌డేట్‌లో కొత్త పెద్ద వచ్చాడు. ఇంటి తాళాలు ఆయన చేతికి అందేలోపల కరెంటు పోయింది. ఇప్పుడాయన లోపలికి వెళ్ళలేక గుమ్మంలో గోల పెడుతున్నాడు. “మరి పాతాయన?” అన్నాను. మా ఆవిడ నవ్వింది. “ఆయన్ని ఎవరూ పంపేయలేదు. లోపలే ఉన్నాడు. లినక్స్ అంత తొందరగా పెద్దవాళ్ళను వదులుకోదు” అని రాసింది. ఆ మాట మా అమ్మకు వినిపిస్తే బాగుండుననిపించింది గానీ, రాసిన మాట దేవుడి గదిలోకి వినబడదు కదా.

మళ్ళీ ఆన్ చేసి ఏదో మీట నొక్కి పట్టుకుంటే ఒక జాబితా వచ్చింది. అందులో పాత కెర్నల్‌ను ఎంచుకుంది. ఈసారి అక్షరాలు చాలా దూరం పరిగెత్తాయి. “వచ్చేసింది!” అని నేను లేచి నిలబడ్డాను. అవి మళ్ళీ ఆగిపోయాయి. డిస్కు మధ్యలో ఆగిపోవడం వల్ల లోపల లెక్క తప్పింది, సరిచేయమంటారా అని అడుగుతోందట. “చెయ్యమను మరి!” అన్నాను. ఆవిడ కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నాకు భయం వేసింది. తర్వాత రాసింది. “సరిచేసేటప్పుడు ఒక్కోసారి విరిగిన ముక్కలు పారేస్తుంది. నా మాటలకు ఏమీ అయ్యుండదు. కానీ కళ్ళతో చూసేదాకా నమ్మను. ముందు గొంతు బయటికి తీస్తాను. తర్వాతే రిపేరు.”

ఇల్లు కాలుతున్నప్పుడు నీళ్ళు పోయడం ఎవరైనా చేస్తారు. ముందు ఉయ్యాల్లో బిడ్డను బయటికి తేవాలని గుర్తుండటం గొప్ప. ఆ మాట ఆవిడతో అంటే బల్ల మీద ఇంకో దెబ్బ పడుతుంది గనక అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది. అందులో ఇంకో చిన్న లినక్స్ ఉంటుందట. డిస్కును ముట్టుకోకుండా కంప్యూటర్ దాని మీదే నడుస్తుంది. తెర వెలిగింది, రంగులొచ్చాయి. డిస్కును కేవలం చదవడానికి మాత్రమే, ఒక్క అక్షరం కూడా రాయకుండా తెరవమని అడిగింది. అది తెరవనంది. ఆవిడ ఫోన్లో ఏదో చదువుకుని ఆ వరసకే ఒక చిన్న మాట చేర్చి మళ్ళీ అడిగింది. కోపం లేదు, విసుగు లేదు. క్లాసులో మొండి పిల్లాణ్ణి రెండోసారి అడుగుతున్నట్టే ఉంది ఆ ముఖం. ఈసారి తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ వరసగా కనబడ్డాయి. గొంతు అని పేరు పెట్టుకున్న ఫోల్డరు వాటి మధ్యలో ఉంది.

అది తెరిచి మొదటి ఫైలు నొక్కింది.

“ఆ తడి తువ్వాలు మంచం మీద వెయ్యకండి!”

ఇల్లంతా మారుమోగింది. స్పీకరు మోత తగ్గించడం ఆవిడ మర్చిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ వాక్యాన్ని రోజూ వింటూ, రోజూ విసుక్కుంటూ, రోజూ తువ్వాలు మంచం మీదే వేసేవాణ్ణి. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టు ఆ ఫోల్డరునంతటినీ బయటి డిస్కులోకి కాపీ పెట్టింది. అది అయిపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు. నన్నూ లేవనివ్వలేదు, నా కాలు వైరుకు తగులుతుందని.

తర్వాత అసలు రిపేరు. డిస్కు లెక్క సరిచేయించింది. పాత కెర్నల్‌తో పైకి లేపింది. సగంలో ఆగిన అప్‌డేట్‌ను మిగతా సగం పూర్తి చేయించింది. కొత్తాయన తాళాల గుత్తి మళ్ళీ తయారు చేయించింది. ఒక పని చేయడం, ఫలితం చూడటం, అప్పుడే తర్వాతి పని. “ఒకసారికి ఒక్కటే మార్చండి” అని పిల్లలకు చెప్పే పాఠం తన ఫైళ్ళలో ఉంది. వాళ్ళకు చెప్పే మాట తనకు ఆపద వచ్చినప్పుడు కూడా పాటించే టీచర్లలో నేను చూసింది ఒక్కదాన్నే. ఆ ఒక్కదాన్నీ నేనే పెళ్ళి చేసుకున్నాను. మా షాపు దగ్గర ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

కంప్యూటర్ మామూలుగా లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి. నేను దేవుడి గదికి పరిగెత్తి, “అమ్మా, వచ్చేసింది, ఒక్క మాట కూడా పోలేదు” అని చెప్పాను. అమ్మ సంతోషించలేదు. తువ్వాలు మాట తనకూ వినబడిందంది. మొక్కులు తీరుస్తానంది. అన్నం మాత్రం వద్దంది. “ఇదే చేత్తో దించాను కదరా. దేవుడు తీసుకున్నాక మిగిలిన కాస్తా నేను తీసేయబోయాను. ఇక ఆ గది గడప తొక్కను” అంది. ఎంత చెప్పినా వినలేదు. ఇందాక నేను అరిచిన అరుపు ఆవిడ చెవిలో ఇంకా ఉంది. నేను మెత్తగా చెప్పే మాట దాని మీద ఎక్కడ నిలుస్తుంది?

వచ్చి మా ఆవిడకు చెప్పాను. పలక మీద ఏదో రాసివ్వబోయి ఆగింది. మా అమ్మకు చత్వారం, రాసిన మాట చదవాలంటే కళ్ళజోడు వెతకాలి. అదొక్కటే కాదు, ఇది రాసి చేతికిచ్చే మాట కాదనిపించిందట. తన ఫైళ్ళ జాబితా పైనుంచి కిందికి వెతికింది. ఆపరేషన్ ముందు ఆ గదిలో కూర్చుని ఆవిడ అన్నీ ఊహించుకుంది. కూరల బేరం ఊహించుకుంది, నా తువ్వాలు ఊహించుకుంది. అత్తగారికి ఈ మాట చెప్పాల్సి వస్తుందని మాత్రం ఊహించుకోలేదు. ఆ వాక్యం ఎక్కడా లేదు.

అప్పుడు వేరే ప్రోగ్రాం తెరిచింది. మాటలు అందులో గీతలుగా కనబడతాయి. ఒక వాక్యంలోంచి ఒక ముక్క కత్తిరించింది, ఇంకో వాక్యంలోంచి ఇంకో ముక్క. పక్కపక్కన పెట్టి, విని, మళ్ళీ జరిపింది. గొంతు బయటికి తీయడానికి పట్టినంత శ్రద్ధా దానికీ పెట్టింది. అయ్యాక వెళ్ళి మా అమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. గడప దగ్గర అమ్మ ఆగిపోయింది. చెయ్యి వదల్లేదు మా ఆవిడ. లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. గోడలకు ఆ బొంతలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మీట నొక్కింది.

“అత్తయ్యా... మీ... తప్పు... ఏం లేదు.”

ఒక్కో ముక్క ఒక్కో రోజుది. “అత్తయ్యా” భోజనానికి పిలిచే హుషారులో ఉంది. “మీ” అన్నది “మీ కాఫీ చల్లారిపోతోంది” అని నన్ను కసిరిన దాంట్లోది. “తప్పు” పాఠంలోది, “తప్పు ఎక్కడుందో ముందు చూడండి” అని క్లాసంతటికీ వినబడేలా చెప్పింది. “ఏం లేదు” ఎవరైనా ఒంట్లో ఎలా ఉందని అడిగితే జవాబుగా దాచుకున్నది, అందులో నీరసం ఉంది. ఎక్కడా ఒక దానికొకటి కలవలేదు.

మా అమ్మ తల పక్కకు వంచి వింది. “మళ్ళీ పెట్టమ్మాయ్” అంది. మళ్ళీ పెట్టింది. “ఇది కూడా అప్పుడు దాచుకున్న మాటేనా?” అని అడిగింది. మా ఆవిడ కాదని తల ఊపింది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి, గోడ మీదున్న బొంత చూపించి, సూదితో కుడుతున్నట్టు చెయ్యి కదిపింది.

మా అమ్మ ఆ బొంత వైపు చూసింది. కోడలి వైపు చూసింది. పైట చెంగుతో ముఖమంతా తుడుచుకుంది. తర్వాత లేచి నిలబడి, పొద్దుట్నుంచీ ఎవరో తన్ను పస్తు పెట్టినట్టు, “ఆకలేస్తోంది. ఇంకా అన్నం వడ్డించరా ఏంటి ఈ ఇంట్లో?” అంది.

మా ఆవిడ వంగి కీబోర్డు మీద రెండక్షరాలు కొట్టింది. ఈసారి అతుకు లేదు, ఆగడం లేదు. వీధి చివరికి వినబడే ఆ పాత గొంతు నిండుగా పలికింది.

“అత్తయ్యా, భోజనానికి రండి!”